కామాక్షమ్మ కుళాయి

దీపాలు పెట్టినాక కుళాయి ఇంటి ముందునించి పాలెం మనిషి ఎవడూ నడిచేవాడు కాదు. అరమైలు చుట్టు తిరిగి, సరుగుడు తోపులో ఇసక ఈడ్చుకుంటూనైనా పోయేవాడు గానీ — ఆ దారిన మాత్రం పోడు.

ఎందుకంటే, ఆ కుళాయి మూలిగేది.

ముందు సన్నగా... తర్వాత గొంతు పట్టేసిన ముసలమ్మలాగా... ఆఖర్న ఖళ్లున ఒక్క దగ్గు దగ్గి ఊరుకునేది.

మూలుగుతో పోతే బాగానే ఉండును. ఆ నీళ్లు తగిలిన పాలెంవాడి చేతులు — చూస్తుండగానే — నల్లబడిపోయేవి. మసి అయితే కడిగితే పోతుంది. ఇది కడిగేకొద్దీ ముదిరేది.

ఇందుకూరుపేటకు తూర్పున, సముద్రం ఇంకో మైలుందనగా ఉంది ఆ ఊరు. పైన రైతుల ఊరు. కింద ఇసకలో, వలలేసుకుని బతికేవాళ్ల పాలెం. రెంటికీ మధ్య ఒంటరిగా ఈ ఇల్లు. కట్టించింది బియ్యం వ్యాపారి పద్మనాభయ్య. యాభై ఎనిమిదిలో ఆయన నెల్లూరునించి ఇనప గొట్టాలు బండిమీద తెప్పించి, బోరు దింపి, నీళ్లు వాటంతటవే ఎగదన్ని చేరేట్టు డాబామీద ఇనప తొట్టి పెట్టించి, పెరట్లో కుళాయి బిగించాడు. ఇంట్లో కుళాయి అన్నమాట ఆ చుట్టుపక్కల వినడం అదే మొదలు. జనం తిరనాళ్లకు పోయినట్టు పోయి చూసొచ్చారు.

ఆయన తల్లి కామాక్షమ్మ మడి మనిషి. కుళాయి పక్కన పీట వేసుకుని కూర్చునేది. పాలెం ఆడవాళ్లు కడవలు తెస్తే తనే తిప్పి, తనే చెంబుతో ఎత్తునించి పోసేది. కుళాయిమీద ఎవరి చెయ్యన్నా పడబోతే మటుకు, "పెట్టు పెట్టు... ఆ చెయ్యి మాడి బొగ్గవుతుంది" అనేది.

ఆ నీళ్లయినా గొప్పవా అంటే, అదీ కాదు. పట్టినప్పుడు తేటగా ఉండేవి. తెల్లారేసరికి బిందె అడుగున ఎర్రటి మడ్డి. అన్నం వండితే పాత సత్రం గోడ రంగు. పద్మనాభయ్య తెల్లపంచెలు మూడు ఉతుకులకే కావిరంగు తిరిగితే, అయ్యవారు సన్యాసం పుచ్చుకున్నాడని పైఊరివాళ్లు నవ్వుకున్నారు. కామాక్షమ్మ తెల్లజుట్టు రాగితీగలైంది. ఇంటి పిల్లి ఆ నీళ్లు వాసన చూసి, మూతి తుడుచుకుని, పైఊళ్లో కుడితి తొట్టికి నడిచి పోయేది.

అరవైలో ముసలమ్మ పోయింది. ఆర్నెల్లకు పద్మనాభయ్య కాపరం నెల్లూరుకు మార్చాడు. పిల్లి మాత్రం పైఊళ్లోనే ఉండిపోయింది.

ఖాళీ ఇల్లు, బిగించిన కుళాయి. ఒక సాయంత్రం పాలెం వెంకయ్య, అడిగేవాళ్లు లేరు కదా అని పెరట్లోకి దూరి చేతులు కడుక్కున్నాడు. ఇంటికొచ్చి దీపం దగ్గిర అన్నానికి కూర్చుంటే — మణికట్లదాకా నలుపు. తొమ్మిది రోజులు భార్యే అన్నం కలిపి నోట్లో పెట్టింది. అదే వారంలో పైఊరి రైతు చెంచురామయ్య పొలంనించి పోతూ అదే కుళాయికింద కాళ్లూ చేతులూ మొహం కడుక్కుని, పైపంచెతో తుడుచుకుని పోయాడు. ఆయనకేమీ కాలేదు.

ఇంక వేరే సాక్ష్యం ఎందుకు? ముసలమ్మ పీట వదల్లేదు. తనవాళ్ల చేతులు ఏవో, పరాయివాళ్ల చేతులు ఏవో ఆమెకు చీకట్లో కూడా తెలుసు — అనుకున్నారు పాలెంలో.

అరవై మూడులో ఆ ఇంటిని ప్రభుత్వం కాన్పుల కేంద్రానికి అద్దెకు తీసుకుంది. నవోమి అనే నర్సమ్మ వచ్చింది. పాతికేళ్ల పిల్ల. ఒక్కతే. తోడు మల్లి అనే తెల్లకుక్క. వచ్చిన వారానికే వరండాలో మూడు కుండలు ఒకదానిమీద ఒకటి కట్టింది; పైదాంట్లో బొగ్గులు, నడిమిదాంట్లో ఇసక, కిందిది ఖాళీ. రాత్రంతా టప్... టప్... మని చప్పుడు. ముసలమ్మకు మూడు కుండల శాంతి చేయిస్తున్నారని పాలెంలో చెప్పుకున్నారు. అటు తిరిగి చూసినవాళ్లు లేరు.

అయిదు నెలలు గడిచాయి. ఆమె కాన్పుల పుస్తకంలో పాలెం పేరు ఒక్కటి ఎక్కలేదు. ఈ నెలాఖరుకు కూడా ఎక్కకపోతే కేంద్రం ఎత్తేసి ఇంకో ఊరికి పంపుతామని పైనించి కాగితం వచ్చింది.

నెలాఖరు ఇంకా నాలుగు రోజులుందనగా, పొద్దుగూకిన రెండు గడియలకు, పాలెంలో ముత్యాలయ్య కూతురు పోలమ్మకు నొప్పులు మొదలయ్యాయి.

పోలమ్మకు ఇది రెండో కాన్పు. మొదటి బిడ్డ నిరుడు పుట్టి, ఏడో రోజుకు నీళ్ల విరేచనాలతో పోయింది. ఆ ఏడు రోజులూ పిల్ల ఎలా ఏడ్చిందో ముత్యాలయ్య చెవుల్లోనే ఉంది. ఇప్పుడు మళ్లీ లోపలినించి కూతురి మూలుగు. ఆయన వాకిట్లో నిలబడి మోచేతులదాకా అంటిన తుమ్మచెక్క ఎరుపును ఊరికే చూసుకుంటున్నాడు. ఆవేళ వలలకు చెక్కనీళ్లు పెట్టారు. నూలు వల ఉప్పునీటికి చివికిపోకుండా పదిహేను రోజులకొకసారి తుమ్మచెట్టు బెరడు కాచిన ఎర్రనీళ్లలో ముంచి ఆరెయ్యడం పాలెంలో పద్ధతి. ఆ పని అయినాక సముద్రంలోనే చేతులు కడుక్కుంటారు. ఆవేళ ఆయనకు ఆ తీరికా లేకపోయింది.

భార్య చెంచమ్మ తడిక తలుపు తీసి బయటికొచ్చింది. బిడ్డ అడ్డం తిరిగినట్టుందనీ, మంత్రసాని చేతులెత్తేసిందనీ, నర్సమ్మను పిలుచుకు రావాలనీ చెప్పింది.

ముత్యాలయ్య సముద్రంవైపు చూశాడు.

"ఏంది అట్టా చూస్తావు," అంది చెంచమ్మ. "గాలివానలో రెండు రాత్రుళ్లు తెప్పమీద ఉండొచ్చినానని ఊరంతా చెప్పుకుంటావే. కుళాయికి భయమా?"

ఆయన నడిచాడు.

దారిలో వెన్నెల లేదు. సరుగుడు తోపు గాలికి ఉస్సుమంటోంది. కాళ్లకింద ఇసక చల్లగా... ఒక్కో అడుగూ కింద ఎవరో పట్టుకుని వదిలినట్టు...

కుళాయి ఇంటి దడి కనిపించింది. లోపల ఎక్కడో ఒక లాంతరు. వరండాలో టప్... టప్...

ముత్యాలయ్య దడి దాటి, కుళాయి బండ పక్కగా వచ్చి "నర్సమ్మా" అనబోయాడు.

ఈలోగా — మూలిగింది.

ముందు సన్నగా... తర్వాత బొంగురుగా... ఆయన అక్కడే ఆగిపోయాడు. ఖళ్లుమని ఒక దగ్గు. తర్వాత నిశ్శబ్దం.

కుళాయి పక్కన, సరిగ్గా ముసలమ్మ పీట ఉండే చోట, ఏదో లేచింది. నాలుగు కాళ్లమీద. ఒళ్లు విరుచుకుంది. రెండు కళ్లు మెరిశాయి.

కుక్క. కానీ నల్లకుక్క.

నర్సమ్మ కుక్క తెల్లదని పాలెంలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ మధ్యాహ్నమే వల ఆరేసిన చోట దొర్లుతుంటే తనే కేకేసి తరిమాడు. ఆ తెల్లకుక్క ఏమైనట్టు? ఈ నల్లది ఎక్కడిది?

అది తోకాడిస్తూ ఆయన మీదికొచ్చింది. ముత్యాలయ్య పక్కకు తప్పుకోబోయి, పాచిపట్టిన బండమీద జారి, కుళాయి కింది తొట్టిలోకి రెండు చేతులూ మోచేతులదాకా మునిగేట్టు పడ్డాడు.

తలుపు తెరుచుకుంది. లాంతరు పట్టుకుని నవోమి బయటికొచ్చింది. ఆయన చప్పున చెప్పుకొచ్చాడు — కూతురనీ, నిరుటి బిడ్డ విరేచనాలతో పోయిందనీ, ఇప్పుడు నొప్పులనీ, అడ్డం తిరిగిందనీ. చెపుతూ చెపుతూ చేతులు లాంతరు వెలుగులోకి వచ్చాయి.

నలుపు. గోళ్లసందుల్లో, గీతల్లో, మోచేతులదాకా... నిగనిగలాడే నలుపు.

ముత్యాలయ్య బండమీద అట్టే కూలబడ్డాడు. "నర్సమ్మా... నన్ను పట్టింది. నువ్వు పో తల్లీ. నేను రాను. ఈ చేతులతో కాన్పింటి గడప తొక్కకూడదు."

ఎవరు పట్టారని అడిగింది నవోమి, సంచి సర్దుకుంటూనే. ఆయన గుసగుసగా కామాక్షమ్మ సంగతీ, వెంకయ్య, చెంచురామయ్యల సంగతీ చెప్పాడు. పాలెంవాళ్లు కుళాయి ముడితే ఆమె ఓర్చుకోదనీ, అందుకే ఇట్టా అవుతుందనీ.

నవోమి లాంతరు కిందపెట్టింది. కుళాయి తిప్పింది. రెండు చేతులూ దానికింద పెట్టి బాగా రుద్ది కడిగి, ఆయన మొహం దగ్గిర చాపింది. శుభ్రంగా ఉన్నాయి.

"మామా," అంది, "మా నాయన నెల్లూరు తోళ్ల మండీలో పనిచేసినాడు. మీకన్నా దూరంగా నిలబెట్టి ఉండును నన్ను ఆ అవ్వ. మరి నా చేతులు ఏం కాలేదే?"

ముత్యాలయ్య ఆ చేతులు చూశాడు. తన చేతులు చూసుకున్నాడు.

ఆగే తీరిక ఆమెకు లేదు. కుళాయికింద పెద్ద డబ్బా నింపింది. ఆ నీళ్లు వద్దని ఆయన బతిమాలాడు. పాలెంలో గుంట ఉంది, నీళ్లకేం తక్కువ అన్నాడు.

"ఈ నీళ్లు గుడ్డను చెడగొడతాయి, మనిషిని కాదు," అంది నవోమి. "మీ గుంట నీళ్లు తెల్లగా ఉండి మనిషిని చెడగొడతాయి. నిరుటి బిడ్డకు ఏం పట్టారు?"

ఆయన డబ్బా ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. వెనకాల నల్లకుక్క గునగునా వస్తూనే ఉంది. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు.

ఇంటిదగ్గిర గడప తొక్కలేదు. వాకిట్లో, చెక్కనీళ్ల కాగు పక్కన, చేతులు తుండుగుడ్డలో చుట్టుకుని కూర్చున్నాడు. లోపల నవోమి నీళ్లు మరగబెట్టించింది. బిడ్డ అడ్డంగా ఉందనీ, తిప్పి చూస్తాననీ, అందరూ గొంతులు తగ్గించాలనీ చెప్పడం వినిపించింది. తర్వాత ఏమీ వినిపించలేదు. పోలమ్మ కూడా మూలగడం మానేసింది.

అది అన్నిటికన్నా భయంగా ఉంది. ముత్యాలయ్య తుండుగుడ్డలో చేతులు బిగించాడు. కామాక్షమ్మా, కావాలంటే ఈ చేతులు తీసుకో... లోపలివాళ్ల జోలికి పోబాకు... అనుకున్నాడు. ఎంతసేపు అనుకున్నాడో...

క్యారుమంది.

చిన్న గొంతు. కోపంగా. ఆగకుండా.

మనవరాలు. తల్లీ బిడ్డా క్షేమం. చెంచమ్మ ఏడుస్తూ నవ్వుతూ బయటికొచ్చి, నర్సమ్మ చేతులు కడుక్కోవడానికి డబ్బాలో మిగిలిన నీళ్లు ముంచబోయింది. తొందర్లో చేతికి దొరికింది చెక్కనీళ్లు తోడే ముంత. దాన్ని డబ్బాలో ముంచింది.

ముంతకు అంటిన ఎరుపు నీళ్లలో పొగలాగా పాకింది. ఊదారంగు తిరిగింది. చూస్తుండగానే — డబ్బాడు నీళ్లూ నల్లగా అయిపోయాయి.

చెంచమ్మ ముంత వదిలేసింది. "ముసలమ్మ ఈడికి కూడా వచ్చిందే..." అంది గొణుగుతూ.

నవోమి వంగి డబ్బాలోకి చూసింది. చెక్కనీళ్ల కాగులోకి చూసింది. ముత్యాలయ్య చేతులవైపు చూసింది. అప్పుడు గడపమీద కూర్చుని, కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వాగినాక చెప్పింది. ఆ నీళ్లలో ఇనుము ఉంది. భూమిలోది కొంత, గొట్టాలదీ తొట్టిదీ కొంత. అన్నం రంగూ, పంచెల కావీ, అవ్వ రాగిజుట్టూ అంతా దానివల్లే. ఇనుముకు వగరు తగిలితే నలుపు పుడుతుంది. బళ్లో పిల్లలు కరక్కాయ వగరులో అన్నభేది, అంటే ఇనప ఉప్పు, కలిపి సిరా చేసుకోవడం చూడలేదా? తుమ్మచెక్క కరక్కాయకేం తీసిపోదు. చెంచురామయ్య చేతులకు చెక్క వగరు లేదు, తన చేతులకూ లేదు. పాలెం చేతులకు ఉంది. తెల్లకుక్క తడివలల్లో దొర్లి, పోయి కుళాయికింద పడుకుంది. డాబామీది తొట్టిలో నీళ్లు తగ్గితే గొట్టంలో గాలి చేరి మూలుగుతుంది. ఆ నీళ్లను ఒక పూట నిలవుంచి, బొగ్గూ ఇసకా కుండల్లో వడకడితే ఎరుపు దిగిపోతుంది. తాగొచ్చు, బిడ్డకు కాచి పట్టొచ్చు.

ముత్యాలయ్య చేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"మూడేళ్లు," అన్నాడు. "మూడేళ్లనించి ఆ ముసలమ్మను తిట్టని రోజు లేదు."

"బతికినప్పుడు చేసినదానికి తిట్టు," అంది చెంచమ్మ. "అది చాలా ఉండాది. చచ్చినాక చెయ్యనిదానికి ఎందుకు?"

బిడ్డను గుడ్డలో చుట్టి తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. ఆ నల్లచేతుల్లో బిడ్డ ఒకసారి ఆవలించి కళ్లు మూసుకుంది.

నవోమి సంచిలోంచి పుస్తకం తీసింది. పాలెం, పోలమ్మ, ఆడబిడ్డ అని రాసి, ఇంటి పెద్ద వేలిముద్ర వెయ్యాలంది. సంచి అంతా వెతికింది. సిరా మెత్త తేవడం మరిచిపోయింది.

ముత్యాలయ్య ఒక చేత్తో బిడ్డను పొదివి పట్టుకుని, రెండో చేతి బొటనవేలు డబ్బాలో ముంచి, పుస్తకంలో గట్టిగా ఒత్తాడు. గీత గీత దిగింది.

నవోమి దానిమీద ఉఫ్ అని ఊది ఆరబెట్టి, డబ్బా ఒలకబోద్దామని ఎత్తింది.

"పారబోయబాకు నర్సమ్మా," అంది చెంచమ్మ. "మా వీధిలో ఇంకా నలుగురు కడుపుతో ఉండారు."