గోడ అవతలి జవాబు

మా ఇంట్లో పోయినవాళ్ల సంగతులన్నీ నా దగ్గరే ఉంటాయి. తాతయ్య ఏ నెలలో పోయాడు, నాయనమ్మకి చివర్లో ఏం తినాలనిపించింది, పెదనాన్న ఎవరిమీద అలిగి ఇల్లు వదిలాడు... ఎవరికే అనుమానం వచ్చినా "అక్కయ్యనడగండి" అంటారు. నాకు భయమేసినప్పుడు దేవుణ్ణి తలుచుకుని, ఆ వెంటనే వాళ్లందరినీ వరసగా తలుచుకునేదాన్ని. ఆ అలవాటు ఇప్పుడు మానేశాను. ఎందుకో చెబుతాను.

నా ఉద్యోగం అణు విద్యుత్ కేంద్రాల్లో భూకంప తనిఖీ. వినడానికి ఘనంగా ఉంటుంది గానీ పని మామూలుదే. భూమి కదిలితే ఏది ఊడుతుంది, ఏది దేనిమీద పడుతుంది అని గది గదీ తిరిగి చూడటం. బోల్టులు పట్టుకుని లాగుతాం. ఇనుప పెట్టెల్ని భుజంతో నెట్టి చూస్తాం. గోడల్ని సుత్తితో తట్టి వింటాం.

ఆ రోజు చూడాల్సింది నేలకింద అంతస్తులో ఒక గోడ. బోలు సిమెంటు ఇటుకలతో కట్టింది. ఆ బోలులో కడ్డీలు నిలిపి కాంక్రీటు నింపి ఉంటే నిలుస్తుంది, లేకపోతే పేకమేడే. పాతకాలపు గోడ. కట్టినవాళ్లు నింపారో లేదో చెప్పే మనిషి ఎవరూ మిగల్లేదు. గోడకి అవతల కరెంటు పెట్టెల గది. రియాక్టర్ని ఆపేసినా దాని కడుపులో వేడి చల్లారదు, నీళ్ల పంపులు తిరుగుతూనే ఉండాలి. వాటికి కరెంటిచ్చే పెట్టెలవి. వాటిని కనిపెట్టుకుని, ఆ గోడకే కుర్చీ ఆనించి కూర్చునేవాడు మా తమ్ముడు. అమ్మ పోయాక నా చేతుల్లో పెరిగినవాడు.

"ఆ గోడ పగుళ్లేమైనా చూశావట్రా?" అని అడిగాను ఆ ఉదయం.

"నాకు గోడ భయం లేదక్కా. మా సూపర్‌వైజర్ ఉన్నాడే, భూకంపం లేకుండానే మీద పడతాడు" అని నవ్వాడు.

ఆ సూపర్‌వైజర్ మమ్మల్ని గేటు దగ్గరే పట్టుకున్నాడు. నమస్కారం లేదు, పాడూ లేదు.

"ఇన్నేళ్లలో ఇక్కడికి భూకంపం రాలేదు మేడమ్. మీరే వచ్చారు."

"అది కబురు చేసి రాదు కదండీ" అన్నాను మెల్లగా.

"ప్లాంటు ఆగిన ప్రతిరోజూ చీవాట్లు తినేది నేను. సాయంత్రంలోగా గోడ బాగుందని రాసిచ్చి దయచేయండి."

నాతో వచ్చిన సీనియర్‌ని మేమంతా పెద్దాయన అంటాం. మనిషి భారీ, నడక నిదానం. ఆ పెట్టెల దగ్గర ఫోన్లు, వాకీటాకీలు వాడకూడదు, ఆ తరంగాలకి లోపలి స్విచ్చులు వాటంతటవే పడిపోతాయి. అందుకని మాకో పద్ధతి ఉంది. గోడకి ఇటొకరు, అటొకరు. ఇటువైపు మనిషి సుత్తితో తడితే అటువైపు మనిషి అరచెయ్యి ఆనించి అదురు చూస్తాడు. గట్టిగా అందితే ఒక్కసారి తిరిగి తడతాడు, అంటే నిండుగా ఉందని. సరిగ్గా అందకపోతే రెండుసార్లు, అంటే బోలని.

"నువ్విక్కడే ఉండమ్మాయ్, నేను చుట్టు తిరిగి అటెళతాను. నేను చేరేలోపు భూకంపం వచ్చి పోతుందేమో కూడా" అని పెద్దాయన ఆయాసపడుతూ వెళ్లాడు.

నేను నడవాలో మిగిలాను. బయట ఎండ పేలిపోతోంది గానీ అక్కడ పగలూ రాత్రీ ఒకటే. మరమ్మతుల కోసం దీపాలు సగం తీసేశారు. ఎక్కడో గాలి పంకా తిరుగుతోంది. నూనె వాసన, పాత రబ్బరు వాసన. కాసేపటికి పంకా కూడా ఆగింది.

గోడ అవతలినుంచి టక్ మని వినిపించింది.

చేరాడన్నమాట. ఇంత తొందరగానా అని ఆశ్చర్యపోయి, సుత్తితో తట్టాను. వెంటనే జవాబు. ఒక్కటే. నిండుగా ఉంది. సుద్దతో అక్కడొక టిక్కు పెట్టాను. పక్కకి జరిగి తట్టాను. మళ్లీ ఒక్కటే. ఇంకో టిక్కు. ఆ చివరి దాకా అంతే. నా గుండెలమీంచి బండ దించినట్టయింది. మా తమ్ముడి వెనక గోడ గట్టిది. "స్వామీ, నీ దయ" అనుకున్నాను.

అప్పుడు ఆ వాసన వచ్చింది. తడి సిమెంటు... ఇప్పుడే కలిపినట్టు.

వంగి, మోకాలి ఎత్తున తట్టాను. జవాబు కూడా మోకాలి ఎత్తునే వచ్చింది. పెద్దాయన అంత త్వరగా వంగలేడు.

"సార్?" అన్నాను గోడకి నోరానించి.

ఏమీ లేదు.

సుత్తి ఎత్తాను. ఇంకా తట్టలేదు.

టక్.

కళ్లు మూసుకుని దేవుడి పేరు పలికాను. అలవాటుగా, పెదవులు కదిలీ కదలకుండా మావాళ్లని తలుచుకున్నాను.

తాతయ్య.

టక్.

నాయనమ్మ.

టక్.

ఆపుదామనుకున్నాను... ఆగలేదు. నోరు నా మాట వినడం లేదు. పెదనాన్న. టక్. నాన్న. టక్. అమ్మ. టక్.

అంతే. మా ఇంట్లో పోయినవాళ్లు అంతే.

టక్.

అది ఎదురుచూస్తోంది. ఇంకొకరిని చెప్పమంటోంది. టక్... టక్... టక్... నా నాలుక కొసన తమ్ముడి పేరు మొదటి అక్షరం వచ్చి కూర్చుంది. రెండు చేతులతో నోరు గట్టిగా నొక్కుకున్నాను.

"అక్కా!"

వెనక నడవాలోంచి తమ్ముడు. వాడి పక్కన పెద్దాయన, రొప్పుతూ.

"మరమ్మతులని మీ తమ్ముణ్ణి బయటికి పంపి గదికి తాళం వేశారమ్మాయ్. తాళంచెవి ఈయన దగ్గరుంది, ఎంత బతిమాలితే ఇచ్చాడో" అన్నాడు, వెనకే వస్తున్న సూపర్‌వైజర్‌ని చూపించి. "నువ్వింకా మొదలెట్టలేదు కదా?"

గోడ ఊరుకుంది.

సూపర్‌వైజర్ సుద్ద గీతలు చూశాడు. "అన్నీ టిక్కులే! ఇంకేం? సంతకం పెట్టండి."

"ఈ టిక్కులు చెల్లవు."

"మీ చేత్తో పెట్టినవే కదా?"

"నా చెయ్యే. జవాబు మాత్రం సార్‌ది కాదు. ప్రతి టిక్కు దగ్గరా రంధ్రం వేసి చూడాలి."

"మీకేమైనా పిచ్చా?"

పెద్దాయన నా మొహం వంక చూశాడు. సంచీలోంచి డ్రిల్లు తీశాడు. అది పెళుసు రొట్టెలోకి దిగినట్టు దిగిపోయింది. లోపల కాంక్రీటు లేదు, కడ్డీ లేదు. రంధ్రంలోంచి చల్లటి గాలి నా మొహానికి కొట్టింది. అన్ని టిక్కుల దగ్గరా అంతే... బోలు.

అటు తట్టింది ఎవరో నాకు తెలియదు. నాతో అబద్ధం చెప్పిందని మాత్రం తెలుసు. గోడ అలాగే ఉండాలి, వాడు దాన్ని ఆనుకునే కూర్చోవాలి... దానికి కావలసింది అదే.

తమ్ముడు నా చెవిలో గుసగుసగా అన్నాడు. "ఒంటరిగా ఉన్నప్పుడు నేనూ ఊరికే తట్టేవాణ్ణక్కా. తిరిగి తట్టేది. ఎవరో పనివాళ్లనుకున్నా. తోడుగా ఉండేది."

గోడ పనికిరాదని రాశాను. సూపర్‌వైజర్ తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. వారంలోపే గోడ విప్పించాం. లోపల ఎముకలేమైనా ఉంటాయని నేను భయపడ్డాను గానీ ఏమీ లేవు. అయితే, తమ్ముడి కుర్చీ వెనక ఇటుకలు మాత్రం లోపలివైపు అరిగిపోయి, అప్పడంలా పల్చబడి ఉన్నాయి. మేస్త్రీ ఒక ముక్కని వెలుతురుకి పట్టి చూసి కింద పడేశాడు.

"లోపల్నుంచి గీకినట్టుందమ్మా" అన్నాడు. మర్నాటినుంచి పనికి రాలేదు.

తమ్ముడిచేత సెలవు పెట్టించి ఇంటికి పంపాను. మంచం ఏ గోడకీ తగలకుండా వేయమని మరదలికి మరీమరీ చెప్పాను. వేళాకోళమాడుతుందనుకున్నాను గానీ, సరేనంది.

మొన్న మధ్యాహ్నం తనే ఫోన్ చేసింది. గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

"వదినా, మీరన్నట్టే మంచం గది మధ్యకి జరిపాను. ఆయన పడుకుని లేచేసరికి గోడకి ఆనుకుని ఉంటోంది."

"వాడే నిద్రమత్తులో జరుపుకుంటున్నాడేమోనమ్మా."

"నేనూ అదే అనుకున్నా. అందుకే ఇవాళ మంచంకోళ్ల చుట్టూ పిండి చల్లాను." వెక్కి వెక్కి ఏడ్చింది. "పిండి చెదరలేదు వదినా. మంచం కదల్లేదు."

"మంచిదేగా. మరెందుకా ఏడుపు?"

"పొద్దున బార్లా తెరుచుకున్న తలుపు... ఇప్పుడు కాస్త తెరుచుకోగానే మంచానికి తగిలి ఆగిపోతోంది. గోడలే దగ్గరికి జరిగొచ్చాయి వదినా. నా చెయ్యి మాత్రమే పడుతోంది. ఆయన లోపల నిద్రపోతున్నారు వదినా... ఎంత పిలిచినా లేవట్లేదు."