రెండు వందల పదమూడో పేజీ

యంత్రం పుస్తకాన్ని మింగి మూడు నిమిషాలైంది, ఇంకా కక్కలేదు. తాళ్ళవరం పట్టణ గ్రంథాలయంలో కౌంటరు ముందు నిలబడ్డ ఎస్తేరమ్మ, షెడ్డులో పనికి ఆలస్యమైపోతోందని లోపల్లోపల తిట్టుకుంటోంది. ఆమె పుస్తకం ఇచ్చేయడానికి రాలేదు. పద్నాలుగు రోజుల గడువు అయిపోయింది గనక ఇంకో పద్నాలుగు రోజులకి రాయించుకుని పోదామని వచ్చింది. నవల రెండు వందల అరవై పేజీలు. ఇంకా నలభై ఎనిమిది మిగిలి ఉన్నాయి.

కాగితం మీద పుస్తకాలు అచ్చువేయడం మానేసి అప్పటికి పన్నెండేళ్ళు. పేరున్నవన్నీ కంప్యూటర్లలోకి ఎక్కాయి. పేరు లేనివాటిని ఎవరూ ఎక్కించలేదు, అవి ఇలాంటి ఊళ్ళ బీరువాల్లో ఒక్కో ప్రతిగా మిగిలాయి. ఎస్తేరమ్మ తెచ్చింది అలాంటిదే. దాని అట్ట ఎప్పుడో పోయింది, రాసినాయన పేరూ అట్టతోపాటే పోయింది. ఉన్నది చిరిగితే మళ్ళీ రాదన్న భయం గ్రంథాలయాల వాళ్ళకి పట్టుకుంది. ఆ భయంలోంచి పుట్టిందే ఈ యంత్రం, స్పర్శదర్శిని.

దాన్ని తయారుచేసిన డాక్టర్ పరాంకుశం, అది పెట్టిన మొదటి రోజు గనక, తానే వచ్చి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మంచి మనిషి. ఎదుటివాళ్ళకి అర్థమయ్యేదాకా చెబితే గానీ తోచదు ఆయనకి.

"చూడండమ్మా, మనం ఏది ముట్టుకున్నా మన వేలి చెమటలోని నూనె కాస్త అక్కడ అంటుకుంటుంది. ఏ ఇద్దరి నూనె ఒకటి కాదు. ఈ పెట్టె గాలి ఊది ఒక్కొక్క పేజీ తిప్పుతుంది. దాని మీద లేజర్ వేస్తుంది. తిరిగొచ్చిన వెలుగుని స్పెక్ట్రోమీటర్ చదువుతుంది. పుస్తకాన్ని ఎంతమంది ముట్టుకున్నారో, ఏ పేజీ దగ్గర ఏం తింటూ ముట్టుకున్నారో చెప్పేస్తుంది. పాత మరకలన్నీ పోయిన నెలలోనే లెక్క రాసి ఉంచాం. ఇప్పుడు కనిపించేవి కొత్తవే."

ఎస్తేరమ్మ తలూపింది. అంతలో యంత్రం పుస్తకాన్ని బయటికి తోసింది. పైనున్న తెర మీద మూడు వరుసలు ఎర్రగా వెలిగాయి. కొత్త చేతులు పదకొండు. మిరపకారం దాదాపు ప్రతి పేజీలో. అరుగుదల తొమ్మిది శాతం.

లైబ్రేరియన్ శేషుబాబు మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఎస్తేరమ్మ అంటే ఆయనకి గౌరవం. అయినా గోడమీద నియమాలు ఆయన రాసినవి కావు. ఏడో నియమం ప్రకారం సభ్యులు తప్ప వేరొకరు పుస్తకం వాడకూడదు. పన్నెండో నియమం ప్రకారం తీసుకున్న పుస్తకం తీసుకున్నట్టే తిరిగి రావాలి. ఐదు శాతం దాటితే ఏడాదిపాటు కార్డు రద్దు. ఇన్నాళ్ళూ ఈ నియమాలు గోడమీద ఈగల కోసం ఉన్నట్టే ఉండేవి. ఇప్పుడు వాటికి కళ్ళొచ్చాయి.

"చదివింది నేనొక్కదాన్నే సార్. మిగతావాళ్ళు విన్నారు. వినడానికి కూడా కార్డు కావాలా?" అంది ఎస్తేరమ్మ.

"వినేవాళ్ళు ముట్టుకోనక్కర్లేదు గదా" అన్నాడు పరాంకుశం నెమ్మదిగా.

"తిలకం మాకు పద్నాలుగు రోజుల్నించీ తెలుసు. పొద్దుగూకి ఇళ్ళకి పోయేముందు, ఆ రోజు ఆగిన పేజీ మీద అందరం ఒకసారి చెయ్యేసి పోతాం. రేపటిదాకా బతికుండు తల్లీ అని. అది కూడా తప్పేనా?"

తిలకం ఎవరని ఆయన అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు. శేషుబాబు కార్డుకి చిల్లు పొడిచి, పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు.

ఆమె పనిచేసేది కోల్డ్ స్టోరేజీ వెనక మిరపకాయల షెడ్డులో. పదకొండుమంది ఆడవాళ్ళు ఎర్రటి రాసుల చుట్టూ కూర్చుని కాయలకి తొడిమలు తీస్తారు. తొడిమలు తీసే యంత్రం కూడా వచ్చింది గానీ అది సగం కాయలు పగలగొట్టి గింజలు రాల్చేది. అందుకని ఆ పని ఇంకా చేతులకే మిగిలింది. మధ్యాహ్నం కూడు తిన్నాక రెండు గంటలసేపు ఎస్తేరమ్మ చదువుతుంది. ఆ రెండు గంటల్లో ఆమె తియ్యాల్సిన కాయల్ని మిగతా పదిమందీ తలా కాస్త పంచుకుని తీసి ఆమె గంపలో పోస్తారు. ఫోను చేత చదివించుకోవచ్చు గదా అంటే, అదీ చూశారు. మేస్త్రిని తిట్టాలనిపించినప్పుడు ఫోను ఆగదు. ఏడవాలనిపించినప్పుడు అసలే ఆగదు.

ఇక ఆ నవలలోని తిలకం సంగతి. నదికి ఇవతలి రేవునుంచి అవతలి రేవుకి పడవ నడిపే ఆడమనిషి ఆమె. మొగుడు పోయాక పడవ ఎక్కింది. రేవుని వేలం పాటలో దక్కించుకున్న కాంట్రాక్టరు ఆమె పడవని గొలుసేసి కట్టేశాడు. అర్జీ మీద అర్జీ పెట్టుకుంటూ రెండు వందల పేజీలు తిరిగింది తిలకం. రెండు వందల పన్నెండో పేజీ చివర కలెక్టరు ఆమెని కచేరీకి రమ్మని కబురు పంపాడు. అక్కడ ఆగింది కథ.

ఎస్తేరమ్మ ఉత్త చేతులతో రావడం చూసి షెడ్డంతా కుతకుతలాడింది. అందరికన్నా పెద్దది ఖాసింబీ మర్నాడే మంచి చీర కట్టుకుని సొంత కార్డు కోసం వెళ్ళింది. దరఖాస్తు మీద వేలు పెట్టగానే యంత్రం ఆమెని గుర్తుపట్టింది. పదకొండు చేతులూ దాని జాబితాలో ఉన్నాయి, ఏడాదిదాకా ఒక్కరికీ కార్డు రాదు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే.

వారం రోజులు షెడ్డులో ఎవరూ ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఎనిమిదో రోజు మధ్యాహ్నం కూడు తిన్నాక నాగులమ్మ, నిన్న పక్కవీధిలో జరిగింది చెబుతున్నట్టుగా, కలెక్టరు తిలకాన్ని కుర్చీలో కూర్చోమన్నాడంది. అట్టా ఎందుకంటాడు, నిలబెట్టే మాట్లాడతాడని ఖాసింబీ దెబ్బలాటకి దిగింది. కాదు, కూర్చోమన్నాడు గానీ ఆమే కూర్చోలేదని ఇంకొకామె అంది. ఆ మాట అందరికీ నచ్చింది. అక్కణ్ణుంచి తిలకం మళ్ళీ నడిచింది. రోజుకింత చొప్పున, ఒకళ్ళు చెప్పింది ఇంకొకళ్ళు కాదంటూ, కొట్టేస్తూ, మళ్ళీ చెబుతూ పది నెలలు గడిపారు. ఒప్పుకున్న మాటల్ని ఎస్తేరమ్మ బుర్రలో పెట్టుకుంది.

ఈలోగా ఊళ్ళో చదువరులకి చలిజ్వరం పట్టుకుంది. చారు చుక్క పడితే ఏమవుతుందో, పిల్లాడు ముట్టుకుంటే ఏమవుతుందోనని పుస్తకం తీసుకెళ్ళినవాళ్ళు దాన్ని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టి, గడువునాటికి తెచ్చి ఇచ్చేవాళ్ళు. ఆ ఏడు ఉత్తమ పాఠకుడి శాలువా సిమెంటు కొట్టు చలపతికి దక్కింది. ఇరవై నాలుగు పుస్తకాలు తీసుకున్నాడు, అరుగుదల సున్నా. సన్మాన సభలో ఆయన దాపరికం లేకుండా తన కిటుకు చెప్పాడు. పుస్తకం తెరవకపోవడమే. జనం చప్పట్లు కొట్టారు.

పదకొండో నెలలో ఒక మధ్యాహ్నం డాక్టర్ పరాంకుశం షెడ్డు గుమ్మంలో నిలబడి తుమ్మాడు. ఆగకుండా ఆరుసార్లు తుమ్మి, కళ్ళు తుడుచుకుని, సంచిలోంచి అట్ట లేని నవల తీశాడు.

"మీ పుస్తకం తరవాత నా యంత్రానికి చదవడానికి ఏమీ దొరకలేదమ్మా. రెండు వందల పన్నెండో పేజీ మీద పదకొండు చేతులున్నాయి. రెండు వందల పదమూడు మీద ఒక్కటీ లేదు. ఆ లెక్క చూసినప్పుడల్లా ఎవరి నోటికాడి కూడో లాగేసినట్టుంటోంది నాకు. ఇది నా కార్డు మీద తీసుకొచ్చాను. నాకు తెలిసి నియమం తప్పడం ఇదే మొదటిసారి."

పుస్తకంతోపాటు ఒక జత తెల్ల గ్లౌజులు కూడా ఇచ్చాడు. ఎస్తేరమ్మ పుస్తకం అందుకుంది. గ్లౌజుల్ని చూసి, అవి తొడిమలు తియ్యడానికి పనికొస్తాయేమోనని ఖాసింబీకి ఇచ్చింది.

ఆయన గోనె మీద కూర్చున్నాడు. ఎస్తేరమ్మ చదివింది. నలభై ఎనిమిది పేజీలూ ఆ పూటే చదివింది. కలెక్టరు తిలకాన్ని ఓదార్చి పంపేశాడు. కాంట్రాక్టరు పడవని విరగ్గొట్టి పొయ్యిలో పెట్టాడు. వెన్నెల్లో తిలకం నదిలోకి నడుచుకుంటూ పోయింది. నది ఆమెని తల్లిలా ఒడిలోకి తీసుకుందని రాసి, కింద సమాప్తం అని వేశాడు రాసినాయన.

ఎస్తేరమ్మ పుస్తకం మూసి గోనె మీద పెట్టింది.

"చావడానికా ఇన్ని పేజీలు తిరిగింది?" అంది నాగులమ్మ.

"రాసినాయనకి పడవ సంగతి తెలవదు" అంది ఖాసింబీ. "మొగుడు పోయినకాడ్నించీ ఏట్లోనే ఉన్న మనిషి ఏట్లో మునిగిద్దా? ఒప్పుకోం. ఇది తిలకం కాదు."

ఎస్తేరమ్మ పరాంకుశం వైపు తిరిగి కలం అడిగింది. ఆయనకి విషయం అర్థమై, పన్నెండో నియమం అని ఏదో మొదలుపెట్టాడు.

"ఉన్న కార్డు మీరే చిల్లు పొడిపించారు. ఇంకేం పొడుస్తారు సారూ? కలం ఇవ్వండి."

ఆయన జేబులోంచి తీసి ఇచ్చాడు. ఎస్తేరమ్మ 'సమాప్తం' మీద అడ్డగీత కొట్టింది. కలెక్టరు ఓదార్పు, పడవ పొయ్యిలో కాలడం, నది, వెన్నెల, తల్లి ఒడి ఉన్న చోట్లన్నీ కొట్టేసింది. వెనక ఐదారు ఖాళీ కాగితాలున్నాయి. రెండు వందల పదమూడో పేజీ అంచుల్లో మొదలుపెట్టి, ఆ కాగితాల్లో పది నెలలుగా అనుకున్నదంతా రాసింది. పదిమందీ చుట్టూ మూగి ఒక్కో మాటా సరిచూశారు. తప్పు రాసినచోట కారం వేలు పెట్టి చూపించారు. వాళ్ళ తిలకం కచేరీలో కుర్చీ వద్దంది. మర్నాడు ఎండ నడినెత్తికెక్కాక, కాంట్రాక్టరు మనుషులు చూస్తుండగానే, గొడ్డలితో గొలుసు తెంపి పడవ నీళ్ళలోకి తోసింది. ఎక్కేవాళ్ళు ఎక్కండి అంది. అందరికన్నా ముందు ఎక్కింది కాంట్రాక్టరు తల్లి. అది ఖాసింబీ పట్టుబట్టి రాయించింది. పరాంకుశం తుమ్ము ఆపుకుంటూ, ఆ తరవాతేమైందని రెండుసార్లు అడిగాడు.

గడువునాడు పుస్తకం తానొక్కడే తీసుకెళ్ళి ఇస్తానన్నాడాయన. రాసింది నేను, నేనే చెప్పుకుంటానని ఎస్తేరమ్మ కూడా బయల్దేరింది. యంత్రం ఈసారి ఏడు నిమిషాలు తీసుకుంది. చేతులు పన్నెండు, అందులో కార్డున్నది ఒక్కటి. సిరా పద్నాలుగు పేజీల్లో. అరుగుదల ముప్ఫై ఒక్క శాతం.

శేషుబాబు ఏం చెయ్యాలో తోచక పరాంకుశం మొహం చూశాడు. ఆయన తన కార్డు తీసి కౌంటరు మీద పెట్టాడు. దానికీ చిల్లు పడింది. అక్కడితో అయిపోయిందనుకుంది ఎస్తేరమ్మ. కానీ శేషుబాబు పుస్తకాన్ని బీరువా వైపు కాకుండా, మూలనున్న ఇనప డబ్బా వైపు తీసుకెళుతున్నాడు.

"అటెక్కడికి?"

"పంతొమ్మిదో నియమం ఎస్తేరమ్మా" అన్నాడాయన తల దించుకుని. "ఇరవై శాతం దాటితే పుస్తకం కింద లెక్క కాదు. తుక్కుకి పోవాలి."

ఆ రాత ఇంకెక్కడా లేదు. పదకొండుమంది పది నెలల తిలకం ఆ కాగితాల్లోనే ఉంది. ఎస్తేరమ్మ రెండంగల్లో వెళ్ళి శేషుబాబు చేతిలోంచి పుస్తకం తీసుకుని చంకలో పెట్టుకుంది.

"పుస్తకం కానప్పుడు దీనికి మీ నియమాలెందుకు? ఇది మాది. తీసుకుపోతున్నా. రాసుకోండి, ఎస్తేరమ్మ తీసుకుపోయిందని."

గబగబా కాదు, మామూలుగా నడుచుకుంటూ గుమ్మం దాటింది. లెక్కకెక్కని పుస్తకం బయటికి పోయేసరికి స్పర్శదర్శిని గంట మోగడం మొదలుపెట్టింది. గేటు దగ్గర వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు గానీ, ఆమె నడక చూసి మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాడు.

ఆ తరవాత లోపల జరిగింది మర్నాడు శేషుబాబే షెడ్డుకి వచ్చి చెప్పుకున్నాడు. చెవులు చిల్లులు పడుతున్నాయి, గంట ఆపండి మహాప్రభో అని పరాంకుశాన్ని బతిమాలాడట. సభ్యత్వ కార్డు పెడితే తప్ప అది ఆగదని ఆయన అన్నాడట. పుస్తకాల పట్ల బాధ్యత ఉన్న మనిషి చేతే ఆపించాలని, అంత జాగ్రత్తగా తానే అలా చేశాడు. ఆయన కార్డుకేమో అప్పుడే చిల్లు పడింది. ఉద్యోగులకి కార్డు ఇవ్వరు. ఇద్దరూ కలిసి చదివే హాలు వైపు చూశారు. నలభై కుర్చీలున్నాయి, పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయి, మనిషి లేడు. చలపతికి ఫోను చేస్తే, యంత్రం మీద పెడితే తన కార్డు అరుగుతుందేమోనని రానన్నాడు.

ఆ మధ్యాహ్నం మాత్రం షెడ్డులోకి ఆ గంట మోత బాగానే వినపడుతోంది. మధ్యాహ్నం కూళ్ళు తినడాలయ్యాయి. రెండు వందల పదమూడో పేజీ తెరవమంది నాగులమ్మ. ఎస్తేరమ్మ గొంతు కొంచెం పెంచి చదవడం మొదలుపెట్టింది.