ఒకే చేతి పని

పాపకి పాలిచ్చి పనిగదిలోకి వచ్చేసరికి అత్తగారి స్టూలు కనిపించలేదు. స్టూలొక్కటే కాదు, కుంచెలు పెట్టుకునే వెదురు గొట్టం లేదు, రంగునీళ్ల గిన్నెలు లేవు, వంటింట్లో ఆవిడ అన్నం తినే గిన్నె కూడా లేదు. నెర్మిన్ ఏడు నెలల షియావ్ లాన్‌ని భుజాన వేసుకుని పెరట్లోకి పరుగెత్తింది. అక్కడ భర్త షౌరెన్ ఆరిన పచ్చికుండలని పొడుగాటి చెక్క మీద వరసగా సర్దుతున్నాడు.

"అమ్మ రాత్రే హు పిన్ని వాళ్లింటికెళ్లింది. కొన్నాళ్లు అక్కడే ఉంటుందట" అన్నాడు తలెత్తకుండా.

"ఎందుకు? నేనేమన్నాను?"

"నన్నడుగుతావేం? మా అమ్మ ఎప్పుడు నాకు చెప్పి చేసింది గనక."

ఇది జరిగి పదేళ్లు దాటిపోయింది. షియావ్ లాన్ ఇప్పుడు తల్లి భుజం దాకా ఎదిగింది. అయినా ఆ ఖాళీ జాగా... స్టూలు కాళ్లు ఏళ్ల తరబడి ఆనీ ఆనీ నేల మీద పడిన ఆ నాలుగు గుంటలు... ఇప్పటికీ నెర్మిన్ కళ్లకి కట్టినట్టే ఉంటాయి. తప్పు తనదేననుకుంది ఆ ఉదయం. అంతకు మూడు రోజుల ముందే ఆమె గీసిన దానిమ్మకాయల కూజాకి ఊళ్లోని పింగాణీ కళాశాల పెట్టిన పోటీలో బహుమతి వచ్చింది. దాంతోపాటు అక్కడే గీతలు నేర్పే టీచరు ఉద్యోగం ఇస్తామన్నారు. బహుమతి కాగితం మీద 'తుర్కీ దేశపు నెర్మిన్' అని ఒక్క పేరే ఉంది. ఆ కాగితం ఇంటికొచ్చినప్పటి నుంచీ అత్తగారి నోట మాట లేదు. ఇంకేం కారణం ఉంటుంది? కూజా మీద గీతలు కోడలివి, కానీ వాటిలో నీలం నింపింది అత్తగారే కదా...

తుర్కీలో, కుతాహ్యా ఊళ్లో తండ్రి మంచాన పడ్డప్పుడు నెర్మిన్ చదువు తొమ్మిదో తరగతిలోనే ఆగిపోయింది. గోడపెంకుల మీద పూలు గీసే పనిలో చేరింది. ఆ పనే ఆమెని ఆరునెలల శిక్షణకని చైనాలో పింగాణీకి పేరుపడ్డ జింగ్‌దెజెన్ తీసుకొచ్చింది. పచ్చికుండలు పేర్చిన చెక్కని భుజాన పెట్టుకుని, ఇరుకు సందులో జనం మధ్య నుంచి ఒక్కటి కూడా తగలకుండా నడిచి వెళ్లే షౌరెన్‌ని చూసింది. అంతే, ఇక వెనక్కి పోలేదు. మొదటి రోజు అత్తగారు ఆమె రెండు చేతులూ వెలుతుర్లో తిప్పి తిప్పి చూసి, "చేతులు బాగున్నాయి. నోరే పనికిరాదు" అంది. నిజమే, అప్పటికి నెర్మిన్‌కి వచ్చిన చైనా మాటలు పది.

మిగతా మాటలన్నీ పనిగదిలోని బల్ల ముందే నేర్చుకుంది. ఆ వీధిలో గీత గీసేవాళ్లు నింపరు, నింపేవాళ్లు గీయరు. తాతల నాటి నుంచీ అంతే. నెర్మిన్ టీ డికాక్షన్‌తో నూరిన రంగుతో సన్నగా గీసి ఇచ్చేది. అత్తగారు లావుపొట్ట కుంచె నిండా రంగునీళ్లు పీల్చుకుని, పచ్చి మట్టి మీద ఒక్క బొట్టుని ముందుకి నడిపించేది. కుంచె మట్టిని తాకదు, నీళ్లే తాకుతాయి. ఒక్క క్షణం ఆగితే అక్కడ మట్టి ఎక్కువ తాగేసి, కాలాక మచ్చ తేలుతుంది. కాలకముందు అంతా బొగ్గుమసిలా నల్లగానే ఉంటుంది. నీలం ఎలా వచ్చిందో బట్టీ తెరిస్తే గాని తెలీదు. తెరిచే రోజు అత్తాకోడళ్లిద్దరూ అన్నం కూడా మానేసి, వేడి తగ్గే దాకా గుమ్మంలో పక్కపక్కన కూర్చునేవాళ్లు.

పురుడు వచ్చినప్పుడు నెలరోజులు మంచం దిగనివ్వలేదు ఆవిడ. తల తడపనివ్వలేదు. బెల్లం నీళ్లలో గుడ్లు, అల్లం వేసిన కోడి పులుసు... రోజూ అదే. నెర్మిన్‌కి ఒకటే భయం. పాపకి పాలు చాలుతున్నాయో లేదో, పాప ఊపిరి తీస్తోందో లేదో, రంగు చేతులతో పాపని ముట్టుకుంటే ఏమవుతుందో. భయపడుతూనే అడిగింది, చేతులు కడుక్కుని ఎత్తుకోమని. వీధిలో ఉండే హు పిన్ని ముక్కున వేలేసుకుంది. అత్తగారు మాత్రం నవ్వి, "ఈ చేతులతోనే నీ మొగుణ్ణి పెంచాను. వాడికేమైంది? కాస్త బుర్ర తక్కువ, అంతే" అంది. కానీ ఆ రోజు నుంచీ మూడేసి సార్లు సబ్బుతో తోముకుని గాని పాపని ముట్టుకోలేదు.

అలాంటి మనిషి ఇల్లు విడిచి వెళ్లిపోయింది...

హు పిన్ని ఇల్లు నాలుగు గుమ్మాల అవతల. ఆవిడ వాకిట్లో చిక్కుళ్లు ఒలుస్తోంది.

"వచ్చావామ్మా బహుమతి కోడలా. మాతో మాట్లాడతావో మాట్లాడవో అనుకుంటున్నాం."

"పిన్నీ, అత్తయ్య ఏరీ?"

లోపలి నుంచి అత్తగారే వచ్చింది. రాగానే పాప తల చూసింది. "ఎండలో తీసుకొచ్చావేం? టోపీ ఏదీ?"

"అత్తయ్యా, నా పేరొక్కటే వేశారని మీకు కష్టమనిపించిందా? నేను చెప్పలేదు. వాళ్లే వేశారు. మీ మీద ఒట్టు" అంటూనే నెర్మిన్‌కి ఏడుపు తన్నుకొచ్చింది.

"పేరా? పేరేం చేసుకోను, పులుసులో వేసుకోనా? ఇంటికి పో. రేపు నీ పని చూడ్డానికి కాలేజీ వాళ్లొస్తారు. గది ఊడ్చుకో."

"మీరు రాకపోతే నేను పోను."

"చెప్పెయ్యి షౌరెన్ అమ్మా" అంది హు పిన్ని. "లేకపోతే నేనే చెప్తా. కడుపులో పెట్టుకుని రాత్రంతా మంచం మీద దొర్లావు, నాకూ నిద్ర లేకుండా చేశావు." అని నెర్మిన్ వైపు తిరిగింది. "ఆ పోటీ దరఖాస్తులో ఏం రాశావే నువ్వు?"

నెర్మిన్‌కి గుర్తుంది. ఎందుకుండదు? తనే అక్షరం అక్షరం కూడబలుక్కుని నింపిన కాగితం అది. 'ఇది ఒకే చేతి పనియేనా?' అన్నారు అందులో. 'అవును, ఒకే చెయ్యి' అని పెద్ద అక్షరాలతో రాసింది. ఆ వీధిలో అంతకన్నా పెద్ద మెప్పు లేదు. గీసిన మనిషి వేరు, నింపిన మనిషి వేరు అని పోల్చుకోలేనంతగా పని కలిసిపోతేనే ఆ మాట అంటారు. ఆరేళ్లలో అత్తగారు ఆ మాట ఒక్కసారే అంది. దానిమ్మకాయల కూజా బట్టీలోంచి వచ్చిన రోజు, మూడుసార్లు తిప్పి చూసి, "ఒకే చెయ్యి" అంది. ఆ వేళ నెర్మిన్ వంటింట్లోకి పోయి ఏడ్చింది, సంతోషంతో.

"బయటివాళ్లకి ఆ మాటకి అర్థం వేరమ్మా" అంది హు పిన్ని. "అంతా ఒక్క మనిషే చెయ్యాలని. మా మేనల్లుడు కాలేజీలోనే గుమాస్తా, బహుమతి కాగితం వచ్చిన రోజే వాడు చెప్పాడు. ఇంకో మనిషి చెయ్యి పడిందని తెలిస్తే బహుమతీ పోతుంది, ఉద్యోగమూ పోతుంది. అప్పట్నుంచీ మథనపడి, రాత్రి మీ అత్త మూట కట్టింది."

నెర్మిన్ అత్తగారి వైపు తిరిగింది.

"నువ్వు అబద్ధం రాయలేదు" అంది అత్తగారు మెల్లగా. "మన బల్ల దగ్గర అది నిజం. వాళ్ల దగ్గర కాదు. అందుకే నేనూ, నా కుంచెలూ వాళ్ల కంట పడకూడదు. రేపు గీత గీసి చూపించు. నింపమంటే పిల్ల ఏడుస్తోందను, చెయ్యి నొప్పను. ఇక్కడ ఏ ఆఫీసుకెళ్లినా నిన్ను ఫలానావాడి పెళ్లాం అని రాసుకుంటున్నారు. రేపట్నుంచి టీచరని రాస్తారు. నా నడుం చూశావుగా, బల్ల మీద వంగీ వంగీ ఎలా అయిందో. నీకది వద్దు."

ఉద్యోగం వద్దనుకునే స్థితిలో లేదు నెర్మిన్. తొమ్మిదో తరగతితో ఆగిపోయిన కూతురు టీచరవుతోందని కుతాహ్యాలో తల్లి వీధంతా చెప్పుకుంది. ఫోన్లో ఆ గొంతు విని ఎన్నేళ్లయింది అంత సంతోషంగా... ఇంటికొచ్చి గది ఊడ్చింది. ఊడుస్తూ, ఆ నాలుగు గుంటల దగ్గరికి వచ్చి, చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

మర్నాడు పది గంటలకి ఫాంగ్ మేడమ్ అనే పెద్దావిడ, ఇంకో ఆయన వచ్చారు. నెర్మిన్ పాపని వీపుకి కట్టుకుని ఒక గిన్నె మీద దానిమ్మ కొమ్మ గీసింది. గీత ఎక్కడా వణకలేదు. "చాలా బాగుంది. ఇక నింపండి, చూస్తాం" అంది ఫాంగ్ మేడమ్.

నెర్మిన్ కుంచె కింద పెట్టింది.

"నాకు నింపడం రాదండీ. ఆ కూజా మా అత్తయ్య నింపింది. మా వీధిలో ఒకే చెయ్యి అంటే అదే అర్థం. నేను అలాగే రాశాను."

"ఈ పిల్ల మాట పట్టుకోకండి" అంటూ గుమ్మంలోంచి అత్తగారు లోపలికొచ్చింది. గోడవార ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో. "దీనికి మన భాష సరిగ్గా రాదు. ఒకటి అనబోయి ఇంకోటి అంటుంది. నేను ఇంట్లో పిల్లని ఆడించే ముసలిదాన్ని."

"అత్తయ్యా, ఎందుకలా అంటారు?"

"నువ్వు నోర్ముయ్."

"నేను ముయ్యను. ఆరేళ్లు మీరు నింపారు. నేను గీశానంతే."

"వింటున్నారా? పిచ్చిది. బాలింత, నిద్ర చాలదు, ఏదో మాట్లాడుతోంది."

ఫాంగ్ మేడమ్ అత్తగారి చేతులకేసి చూసింది. ఎంత తోమినా పోని నలుపు గోళ్ల మొదట్లో గీతల్లా ఉంది. గిన్నెని ఆవిడ ముందుకి జరిపింది. అత్తగారు కాసేపు మొహం తిప్పుకుంది. కానీ గీసిన కొమ్మని అలా వట్టిగా వదిలెయ్యడం ఆవిడ వల్ల కాలేదు. హు పిన్ని ఇంటికి షౌరెన్‌ని తరిమి కుంచె, రంగునీళ్లు తెప్పించింది. నిలబడే వంగి, ఒక్క బొట్టుని కాయ చుట్టూ, ఆకు చివరి దాకా నడిపించింది.

"పని చాలా గొప్పగా ఉంది" అంది ఫాంగ్ మేడమ్ చివరికి. "కానీ రూలు ప్రకారం బహుమతి వెనక్కి తీసుకోవాలి. ఉద్యోగం సంగతి కూడా... నన్ను క్షమించాలి."

అత్తగారు గోడకి చేరబడి కళ్లు తుడుచుకుంది. ఆవిడ ఏడవడం నెర్మిన్ చూడటం అదే మొదలు. "నా మూలంగా పోయింది కదే" అంది. నెర్మిన్ వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "మీ మూలంగా వచ్చింది, అత్తయ్యా. మిమ్మల్ని దాచి నేను ఎవరికి ఏం నేర్పను?"

ఫాంగ్ మేడమ్ సంచిలోంచి కాగితం తీసింది. "ఏం జరిగిందో రాసి ఇవ్వాలి. నింపిన వారి పేరు చెప్పండి."

"షౌరెన్ వాళ్లమ్మని."

"మీ పేరండీ."

ఆవిడ తడబడింది. వీధిలో షౌరెన్ అమ్మ, కోడలికి అత్తయ్య. నలభై రెండేళ్లుగా కూజాలు నింపితే ఎవరు నింపారని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఆరేళ్లుగా ఆ ఇంట్లో ఉన్న నెర్మిన్ కూడా ఆవిడ పేరు కాగితాల మీద ఎప్పుడో చూసిందేమో గాని, ఎవరి నోటా వినలేదు.

"యూ లామెయ్" అంది ఆవిడ, వేరే ఎవరి పేరో చెబుతున్నట్టు. "చలికాలంలో పూసే పసుప్పచ్చ పువ్వు లేదూ, అది. నేను పుట్టిన రోజు పెరట్లో పూసిందని మా నాన్న పెట్టాడు."

ఫాంగ్ మేడమ్ రాసుకుంది. అత్తగారు నడుం మీద చెయ్యి ఆనించుకుని, ఆ కాగితం మీదికి వంగి చూసింది.

"సరిగ్గా రాశారా? ఒకసారి చదవండి."

"యూ లామెయ్" అని చదివింది ఫాంగ్ మేడమ్.

"ఇంకోసారి చదువుతారా?" అంది ఆవిడ.