పిట్ట ముట్టిన ఫైలు

"సౌండొస్తుంది గానీ బొమ్మ వస్తలేదు." గోదావరిఖనిలో నా షాపు మెట్లెక్కే వాళ్లలో సగం మంది మొదటి మాట ఇదే. మిగతా సగం మందికి బొమ్మ వస్తుంది, సౌండు రాదు. ఎవరైనా సరే, వాళ్ల వీడియోను నేనే మింగి కూర్చున్నట్టు చూస్తారు.

నా పేరు జమున. పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేస్తాను, డిస్కులు కాపీ కొడతాను, ఆడని ఫైళ్లను ఆడిస్తాను. షాపంటే మా ఇంటి ముందు గదే. వెనక గదిలో మంచం మీద బాపు ఉంటాడు. మధ్యలో ఒక పరదా. బాపు పేరు ఎల్లన్న. బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు పనిచేసి, రిటైరయ్యేటప్పుడు ఒక చేతి గడియారం, ఒక దగ్గు తెచ్చుకున్నాడు. గడియారం ఎప్పుడో ఆగిపోయింది.

ఆ దగ్గు నాకు కంఠతా వచ్చు. ముందు రెండు పొట్టివి, తర్వాత ఒక పొడుగుది, దాని చివర సన్నని ఈల. పగలూ రాత్రీ అదే. దగ్గు వస్తే నిద్ర పట్టదు, కాసేపు రాకపోతే ఏమైందోనని లేచి చూడాలి. అమ్మ పోయాక ఇదంతా నా ఒక్కదాని మీదే పడింది. బాపు మీద ప్రేమ లేక చెప్పడం లేదు. నేను అలసిపోయాను. అంతే.

ఇది సకల జనుల సమ్మెకు ముందు వచ్చిన ఎండాకాలం మాట. ఆ మే నెలలో ఆగయ్య కాక పోయాడు. జ్వరమని పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు.

ఆగయ్య కాక బాపుకు జోడి. బాయిలో ఇద్దరూ ఒకే షిఫ్టు, ఒకే పని. కాక మా ఇంటికి వస్తే వాకిట్లోంచే "కంప్యూటరమ్మా, బువ్వ పెట్టు!" అని కేకేసేవాడు. నన్ను ఆ పేరుతో పిలిచింది ఆయనొక్కడే. మనిషి తిండిపుష్టి గలవాడు. చేపల పులుసంటే ప్రాణం. బాపుకు చేపల వాసన గిట్టదు కాబట్టి ఆ ఒక్క కూర మాత్రం మా ఇంట్లో వండేవాళ్లం కాదు. దాని గురించి ఇద్దరూ జీవితమంతా తిట్టుకున్నారు.

చావు కబురు తెలిసిన రోజు బాపు గోడవైపు తిరిగి పడుకున్నాడు. అటు తిరిగే ఒక మాట అన్నాడు.

"వాడు ఒంటిగ బాయిల దిగెటోడు కాదు బిడ్డా. ఇప్పుడెట్ల పోయిండో."

మా దగ్గర మూడో రోజు పిట్టకు పెడతారు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, గోదావరి ఒడ్డున విస్తట్లో పెట్టి, దూరంగా జరిగి నిలబడతారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే ఆ మనిషికి కోరిక ఏదో మిగిలిపోయినట్టు. అప్పుడు ఇంటివాళ్లు ఒక్కొక్కరే విస్తరి ముందు నిలబడి మాటిస్తారు. ఆయన కోరుకున్న మాటే అయితే పిట్ట దిగుతుంది. దిగిందంటే ఇక ఆ మాట తప్పడానికి లేదు. అందుకే విస్తరి ముందు నోరు అదుపులో పెట్టుకోవాలని చిన్నప్పటి నుంచి చెప్తారు.

ఆగయ్య కాకకు పిట్ట ముట్టలేదు.

ఈ సంగతి ఆయన భార్య సారక్క చిన్నమ్మ చెప్పింది. పెద్దకర్మ దగ్గర పడ్డాక, ఒకరోజు మధ్యాహ్నం కెమెరా తీసే మన్సూర్ అన్నను వెంటబెట్టుకుని వచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది.

"అందరం మాటిచ్చినం బిడ్డా. ఇల్లు అమ్మం అన్నం. మనుమన్ని సదివిస్తమన్నం. ఒక్క పిట్ట సుత రాలే. ఎండకు తాళలేక వచ్చేసినం. అప్పటిసంది నాకు బుక్క దిగుతలేదు."

మన్సూర్ అన్న మెమొరీ కార్డు నా చేతిలో పెట్టాడు. "అందరు వాపసు వచ్చినంక కూడ కెమెరా స్టాండు మీద నడుస్తనే ఉండె జమునా. నేను ఛాయ్ తాగి పోయి తెచ్చిన. మేం లేనప్పుడు పిట్ట వచ్చిందో లేదో దీంట్లనే ఉండాలె. కానీ ఫైలు తెరుచుకుంట లేదు."

"జల్ది చూడు బిడ్డా," చిన్నమ్మ గొంతు తగ్గించి పరదా వైపు చూసింది. "బావకు మాత్రం చెప్పకు. దిగులు వెట్టుకుంటడు."

వాళ్లు వెళ్లారో లేదో పరదా వెనక నుంచి బాపు అడగనే అడిగాడు. "బిడ్డా, పిట్ట ముట్టిందా?"

"చూస్తున్న బాపు."

"ముట్టకపోతే వానికి నేనే గావాలె కావొచ్చు. తోడు కోసం చూస్తుండొచ్చు." తర్వాత దగ్గు. రెండు పొట్టివి, ఒక పొడుగుది.

అట్లాంటి మాటలు అనొద్దని గట్టిగానే కసిరాను. అమ్మను సాగనంపాను, ఇక ఈయన్ను కూడా సాగనంపే ఓపిక నాకు లేదు. ఎలాగైనా ఆ ఫైల్లో పిట్ట కనిపించాలి, ఈయనకు చూపించాలి, ఈ దిగులు పోవాలి. ఇదే నా మొక్కు.

ఫైలు తెరిచాను. సౌండొచ్చింది, బొమ్మ రాలేదు. నేను నవ్వుకున్నాను. కొత్త కెమెరాలతో ఇదొక రోగం, పాత కంప్యూటరుకు వాటి భాష అర్థం కాదు. ఆ భాష నేర్పే కోడెక్ వేశాను. బొమ్మ వచ్చింది, కదలలేదు. ప్లేయరు మార్చాను. కొంచెం కదిలింది. ఏడుపులు, చిన్నమ్మ కొడుకు మాటివ్వడం, అందరూ గొడుగులేసుకుని వెళ్లిపోవడం. తర్వాత ఒడ్డు ఖాళీ.

అక్కడ ఆగిపోయింది.

మళ్లీ మొదటి నుంచి పెట్టాను. అక్కడే ఆగింది. కార్డులోంచి ఇంకోసారి కాపీ చేశాను. వేరే ఫార్మాటులోకి మార్చబోయాను, సగంలో నిలిచింది. చెడిపోయిన ఫైళ్లను బాగుచేసే సాఫ్టువేరు ఒకటి ఉంటుంది, అదీ వేశాను. ఏం లోపం లేదంది. కానీ ఆ విస్తరి దగ్గరికి రాగానే ఆగుతుంది. తెల్లని అన్నం, నల్లబడిన చేపల పులుసు, పక్కన బీడీల కట్ట. వెనక ఎండిన గోదావరి. అంతే.

"బిడ్డా, ముట్టిందా?"

"లేదు బాపు. ఆగు."

దగ్గు.

బయట ఎండ ఉన్నట్టుండి మాసిపోయింది. గాలిదుమారం లేచింది. బొగ్గు దుమ్ము తలుపు సందుల్లోంచి లోపలికి వచ్చి నాలుక మీద చేదుగా తగిలింది. కరెంటు పోయింది. యూపీఎస్ కీచుకీచుమనడం మొదలుపెట్టింది. పట్టపగలు గది చీకటైంది. వెలుగు ఆ ఒక్క తెర మీదే ఉంది. ఆ వెలుగులో ఆ విస్తరి.

గదిలో వాసన వచ్చింది. ఏదో కాలిన వాసనేమోనని కంప్యూటరు డబ్బా వెనక ముక్కు పెట్టి చూశాను. కాదు… తడి బొగ్గు వాసన. చిన్నప్పుడు షిఫ్టు దిగి వచ్చిన బాపు బట్టల్లో ఉండేది. ఆయన బట్టల్లో ఆ వాసన పోయి చాలా ఏళ్లయింది.

"ముట్టిందా?"

మళ్లీ దగ్గు. ఈసారి ఆగలేదు. దగ్గు మీద దగ్గు. యూపీఎస్ కీచు. నా తల పగిలిపోతోంది. మూడు రాత్రులుగా నేను కన్ను మూయలేదు. మౌసును బల్ల మీద కొట్టాను. తెర మీది విస్తరిని చూసి, మనిషితో మాట్లాడినట్టే అనేశాను.

"ఏం గావాలె కాకా నీకు? ఏది గావాలంటే అది తీస్కో. నాతోని గాదు ఇగ."

దూరంగా ఓపెన్‌కాస్టు గని సైరన్ మోగింది. తర్వాత బ్లాస్టింగు. రోజూ ఉండేదే. నేల ఒక్కసారి అదిరి, షెల్ఫులో డిస్కులు గలగలమన్నాయి.

బొమ్మ కదిలింది.

విస్తరి అంచు గాలికి లేచి పడింది. స్పీకర్లలో గోదావరి గాలి. ఆ గాలిలో ఎవరో ఆడమనిషి గొంతు, చాలా దగ్గరగా…

"ఏం గావాలె కాకా నీకు? ఏది గావాలంటే అది తీస్కో…"

నా గొంతే.

ఆ రోజు నేను గోదావరికి పోలేదు. బాపు దగ్గరే ఉన్నాను.

కాకి ఎగిరి రాలేదు. ఫ్రేము కింది నుంచి, కెమెరా కాళ్ల దగ్గర్నుంచి నడుచుకుంటూ వచ్చింది. చుట్టూ చూడలేదు, బెదరలేదు. అన్నం ముట్టింది. చేప ముక్క నోట కరిచింది. తల తిప్పి నావైపు చూసింది…

అప్పుడు తెలిసింది. దగ్గు వినిపించడం లేదు.

"బాపు?"

కుర్చీ వెనక్కి నెట్టి లేచాను.

"బాపూ…"

పరదా నేను లాగానో అదే ఊడిందో తెలియదు. బాపు మంచం మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. కాళ్లు కిందికి వేలాడేసి, నన్నే చూస్తున్నాడు. ఛాతీ నిమ్మళంగా పైకీ కిందికీ ఆడుతోంది. ఈల లేదు. నేను ఆయన మోకాళ్ల మీద పడి ఏడ్చాను. బతికి ఉన్నాడు, అది చాలనిపించింది.

"పిట్ట ముట్టింది బాపు," అన్నాను.

"ముట్టదా మరి," అని నవ్వాడు. "ఆకలైతుంది."

సాయంత్రం సారక్క చిన్నమ్మకు ఫోన్ చేశాను. ఫోన్లోనే బోరుమంది. పిట్ట ముట్టిన సంతోషానికి చేపలు వండి, టిఫిను నిండా పట్టుకొచ్చింది. వాకిట్లోనే ఆపి, బాపుకు పడదు కదా అని నేను చెప్తుండగానే లోపలి నుంచి కేక వినిపించింది.

"ఇటు తే."

ముళ్లు కూడా మిగల్చకుండా తిన్నాడు. చిన్నమ్మ గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. బాపు చేతి వేళ్లనే చూస్తోంది. వేళ్ల సందుల్లో పులుసు నాకుతున్నాడు. "మీ కాక గిట్లనే తినేటోడు," అంది నా చెవిలో. చెప్పులు సరిగా తొడుక్కోకుండానే వెళ్లిపోయింది.

జబ్బు తగ్గితే నోటికి రుచి మారుతుందని నాకు నేను చెప్పుకున్నాను. ఎన్నో నెలల తర్వాత రాత్రంతా పడుకున్నాను. మరుసటి రాత్రి కూడా. మూడో రాత్రికి మెలకువ వచ్చింది. ఇల్లంతా నిశ్శబ్దం. దగ్గు కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను. తెల్లారేదాకా రాలేదు.

పెద్దకర్మ ముందు రోజు పొద్దున మన్సూర్ అన్న కార్డు కోసం వచ్చాడు. ఇచ్చేముందు ఒకసారి చూద్దామని ఫైలు తెరిచాను. తెర నల్లగా ఉంది.

"సౌండొస్తుంది గానీ బొమ్మ వస్తలేదు గదా," అన్నాడు మన్సూర్ అన్న వంగి చూస్తూ.

నీళ్లు కారుతున్న చప్పుడు. పెద్ద బూట్ల చప్పుడు, బాయిలోకి ఏటవాలుగా దిగుతున్నట్టు. ఒక్క మనిషివే. మధ్యలో ఆగింది.

తర్వాత దగ్గు. రెండు పొట్టివి, ఒక పొడుగుది, చివర ఈల.

"ఆగయ్యా…" స్పీకర్లలోంచి బాపు గొంతు, చీకట్లో తడుముకుంటున్నట్టు. "యాడున్నవ్ రా? నాకేం కనవడ్తలేదు…"

మన్సూర్ అన్న నా మొహం చూశాడు, పరదా చూశాడు. పరదా వెనక మంచం కిర్రుమంది. "యా అల్లా," అని గొణిగి, కార్డు అడగకుండానే మెట్లు దిగిపోయాడు.

బూట్ల చప్పుడు మళ్లీ మొదలైంది. ఇంకా కిందికి పోతోంది. ఆపుదామని మౌసు మీద చెయ్యి పెట్టాను. ఆపితే ఆ దగ్గు కూడా ఆగిపోతుంది. చెయ్యి తీసేశాను.

"బాపు," అని పిలిచాను, స్పీకరుకు నోరు ఆనించి. "బాపు, వెనక్కి రా."

జవాబు నా వెనక నుంచి వచ్చింది. పరదా అవతల నుంచి, బాపు గొంతుతోనే.

"కంప్యూటరమ్మా… బువ్వ పెట్టు."

పెట్టాను. ఇప్పటికీ పెడుతున్నాను, రోజూ మూడు పూటలా. ఆ ఫైలును మాత్రం ఒక్కసారి కూడా ఆపలేదు. అది ఎంతసేపు ఉందో చూపించే చోట ఏ అంకే లేదు. కరెంటు పోయినా ఆగకుండా ఇంకో బ్యాటరీ తెచ్చి తగిలించాను. మొదట్లో షాపు బయటికి కూడా వినిపించేది. నిన్న స్పీకరుకు చెవి ఆనిస్తే గానీ దగ్గు వినిపించలేదు.