తాళాల మనిషి

"పదకొండు గంటలకి ఆవిడ చనిపోకూడదు," అన్నాడు చీఫ్. కూర్చోమని కూడా అనలేదు.

ఆవిడంటే దేశానికి కొత్త రాడార్ తయారుచేసిన సైంటిస్టు. లైబ్రరీ మేడమీద ఓ చిన్న ఆర్ట్ ఎగ్జిబిషన్ ప్రారంభించబోతోంది. అక్కడే ఆవిణ్ణి లేపేయాలని ఒక విదేశీ ముఠా కాచుక్కూచుంది.

"గ్యాలరీ మేనేజర్ మన మనిషే. ముత్యాల దండ వేసుకుంటుంది. కోడ్ గుర్తుందిగా? అన్నట్టు, ఆ ఎగ్జిబిషన్ పెట్టిన శిల్పి నీ బావమరిదట?"

"ఆరేళ్లుగా మాటల్లేవు సార్."

"మంచిది. డిస్ట్రాక్షన్ ఉండదు."

పది నలభైకి ఏజెంట్ పెట్టుడు గడ్డంతో, మెడలో ప్రెస్ కార్డుతో మెట్లెక్కాడు. సున్నం వాసన ఇంకా పోని హాలు. గోడలకి డజను కాన్వాసులు. నడుమ తొమ్మిదడుగుల మనిషి, తుప్పు పట్టిన తాళాల్ని వెల్డింగ్ చేసి నిలబెట్టిన శిల్పం. వాచీలోని మెటల్ డిటెక్టర్ ఒకటే గోల. ఇంత ఇనుములో అది దేన్ని పట్టుకుంటుంది? దాని నోరు నొక్కేశాడు.

"నీడ ఎడమవైపు పడిందేం?" అడిగాడు ముత్యాల దండావిణ్ణి.

"దీపం కుడివైపుంది కాబట్టి." ఆమె నవ్వింది. దారిన పోయేవాణ్ణి దారి తప్పించే నవ్వు. గొంతు తగ్గించింది. "స్నైపర్. ఎదురు డాబా మీద. కిటికీ దగ్గరుండండి. కదలొద్దు."

డాబా మీద ఆరేసిన దుప్పట్లు తప్ప పురుగు కూడా లేదు.

"గడ్డం పెట్టుకుంటే గుర్తుపట్టననుకున్నావా?" వెనకనుంచి బావమరిది, పళ్లు నూరుతూ. "అక్కని గాలికొదిలేసి నెలలకి నెలలు మాయమవుతావు. ఇప్పుడు నా ఎగ్జిబిషన్‌కి దాపురించావా?"

"తర్వాత తిడుదువుగాని. నీ బొమ్మకి ఆ వైరెందుకు?"

"ఆ మేనేజర్ మహాతల్లినడుగు! లోపల లైటుండాలని నిన్న నన్ను బయటికి పంపి మరీ పెట్టించింది. నా పనికి కరెంటేమిటి, నా మొహం!"

ఏజెంట్ మళ్లీ డాబా వైపు చూశాడు. స్నైపరూ లేడు, గాడిదగుడ్డూ లేదు. తనని కిటికీకి కట్టిపడేసింది ముత్యాల దండే.

పదకొండు. చప్పట్లు. సైంటిస్టు శిల్పం పక్కన నిలబడి స్విచ్ మీద బొటనవేలు పెట్టింది. మేనేజర్ అప్పటికే తలుపు దాకా జారుకుంది.

అరిచే టైం లేదు. మూడంగల్లో దూకి వైరుని ఒక్క గుంజు గుంజాడు. తెగి చేతిలోకొచ్చింది.

టిక్.

ఏమీ కాలేదు.

మేనేజర్ హ్యాండ్‌బ్యాగులోంచి పిస్టల్ తీసింది. గురి ఏజెంట్ గుండెకి. అంతలో బావమరిది ఒక్క పరుగున తలుపు దగ్గరికెళ్లి, అక్కడున్న స్టూలెత్తి ఆమె మణికట్టు మీద బాదాడు. గుండు సీలింగులోకి పోయింది.

బాంబ్ స్క్వాడ్ వాళ్లు తాళాల మనిషి పొట్ట కోసి రెండు కిలోల పేలుడు సామాను బయటికి తీశారు. బావమరిది కళ్లనీళ్లతో చూస్తూ నిలబడ్డాడు.

"థాంక్స్ రా," అన్నాడు ఏజెంట్.

"నీకోసం కాదు. అక్కకోసం."

"సరే. కాఫీ తాగుదాం పద."

"నీ ఎదురుగా కూర్చునా? దానికన్నా ఆ బాంబే నయం."