మూడు విడతల ఉప్పు

కూతురు ముస్రత్ పెళ్లికి ఇంట్లో ఆడవాళ్లు పదిహేడు మందీ ఒకే రకం ఆకుపచ్చ చీర కట్టాలని ఫాతిమా బీ తీర్మానించింది. ఫొటోలో కుటుంబం ఒక్కటిగా కనబడాలి. వాళ్లలో ఆరుగురికి ఒకరితో ఒకరికి మాటల్లేవు. కనీసం రంగైనా కలవాలని ఆమె ఆశ.

చీరల నేత ఎమ్మిగనూరులో. నూలుకు రంగు వేసేది అక్కడే, కరీం సాబ్ షెడ్డులో. పని చూసి రమ్మని ఆదోని నుంచి కొడుకు మోయిన్‌ని పంపింది. మోయిన్ ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్. పాలు విరిగినా, గీజరు చెడినా ఇంట్లో అతన్నే అడుగుతారు. అతను కారణం వివరంగా చెప్తాడు. గీజరు మాత్రం అలాగే ఉంటుంది.

కరీం సాబ్‌కి నడుం నొప్పి. షెడ్డు నడిపేది కూతురు సనా. మోయిన్ వెళ్లేసరికి ఆమె రంగుపొడిని కొంచెం చన్నీళ్లతో గోరింటాకు ముద్దలా కలుపుతోంది. తర్వాత వేడినీళ్లు పోసి కరిగించి, పాత చీరముక్కలో వడకట్టి తొట్టిలో పోసింది. నూలు కట్టలు దించింది. పక్కన బకెట్ నిండా ఉప్పు. అందులో మూడోవంతు వేసి, కర్రతో తిప్పుతూ గోడ గడియారం చూసింది. విడతకీ విడతకీ మధ్య పది నిమిషాలు ఆగాలట.

ఉప్పంతా ఒకేసారి వేసేస్తే ఇరవై నిమిషాలు కలిసొస్తాయని మోయిన్ సలహా ఇచ్చాడు.

"మీరేం చదివినారు సార్?"

"ఎమ్మెస్సీ. కెమిస్ట్రీ."

"నాకు ఇంటర్‌లో కెమిస్ట్రీ ముప్పై ఆరు వచ్చినాయి. అందుకే మూడు విడతలుగా ఏస్తాండాను."

మోయిన్ ద్రావణాల గురించి పావుగంట చెప్పాడు. ఆమె ఓపిగ్గా వింది. అంతా అయ్యాక ఈ కర్ర కాస్త పట్టుకోమంది.

ఆ తర్వాతి ఆదివారం కూడా అతను బస్సెక్కాడు. ఆకుపచ్చ ఎండలో ఎలా ఉందో చూడాలని తల్లికి చెప్పాడు. మూడో ఆదివారం నీడలో ఎలా ఉందో చూడాలన్నాడు.

ఆ మూడో ఆదివారమే జరిగింది. చివరి తొట్టిలో మూడు చీరల నూలు దించి, సనా తండ్రికి మాత్రలివ్వడానికి లోపలికి పోయింది. ఏదీ ముట్టుకోవద్దని చెప్పే పోయింది. కానీ ప్రేమలో పడ్డ మగవాడికి సాయం చెయ్యాలనిపించడం ఒక జబ్బు. బకెట్ ఎత్తి ఉప్పంతా కుమ్మరించాడు. చేతులతో గబగబా కలిపాడు కూడా.

ఆమె తిరిగొచ్చేసరికి నూలు మీద నాచు పట్టినట్టు ముదురు మచ్చలు.

"ఎవురు పోసినారు?"

షెడ్డులో ఉన్నది అతనొక్కడే. అయినా అటూ ఇటూ చూసి, "నేనే" అన్నాడు.

సనా తిట్టలేదు. ఒక పోగు పైకి తీసి వెలుతురుకి పట్టింది.

"నీళ్లల్లోకి ఉప్పు వచ్చేకొద్దీ రంగుకి ఆడ చోటు తగ్గుతాది సార్. మెల్లగా తగ్గితే, పోయి దారంలో కుదురుకుంటాది. ఒక్కసారే తరిమితే యాడ అందితే ఆడ పట్టుకోని వేలాడుతాది."

ఈ పాఠం మోయిన్ ఆరేళ్లుగా చెప్తున్నాడు. రెండు మార్కుల ప్రశ్న అది. రంగు వైపు నుంచి ఎప్పుడూ ఆలోచించలేదు. బస్సులో ఆదోని వచ్చేదాకా అదే ఆలోచించాడు. గోళ్లకింద ఆకుపచ్చ వారమంతా పోలేదు. తల్లి అడిగితే చాక్‌పీసు అన్నాడు.

నాలుగో ఆదివారం ఫాతిమా బీ తనే బయల్దేరింది. వద్దనడానికి మోయిన్‌కి కారణం దొరకలేదు.

తీగ మీద ఆరిన మచ్చల నూలు ఆమెకి ముందు కనబడింది. శుభమా అని పెళ్లి చేస్తుంటే మచ్చలేమిటంది. మళ్లీ రంగేసి మగ్గానికి ఎక్కించే గడువు లేదని కరీం సాబ్ నడుం పట్టుకునే చెప్పాడు. అయితే పదిహేడు చీరలూ వద్దు, ఈ షెడ్డు పని ఎట్లాంటిదో ఆదోనిలో ప్రతి ఇంటికీ చెప్తానంది ఫాతిమా బీ. ఆమె చెప్తానంటే చెప్తుంది. ఇంకో వారానికి ఈ షెడ్డుకి నూలు తెచ్చేవాళ్లుండరు.

సనా మోయిన్ వైపు ఒక్కసారి చూసి, తల తిప్పుకుంది.

అప్పటిదాకా మోయిన్ తల్లి ముందు తప్పు ఒప్పుకున్నది జీవితంలో ఒకేసారి. అదీ చెల్లెలు చేసిన తప్పు.

"అమ్మీ, వాళ్లు బాగానే చేసినారు. ఉప్పు కుమ్మరించింది నేను."

"నువ్వెందుకు కుమ్మరించినావ్?"

"తొందరగా అయిపోతాదని."

"నీకేం తొందర్రా? పెండ్లి ముస్రత్‌ది కదా."

అందరూ తొట్టి వైపు చూశారు. తొట్టి ఖాళీగా ఉంది.

ఫాతిమా బీ కొడుకు గోళ్లు చూసింది. ఎండలో చూసిన ఆదివారం, నీడలో చూసిన ఆదివారం గుర్తు చేసుకుంది. తర్వాత సనాని చూసింది, నింపాదిగా, బట్టల కొట్టులో అంచు చూసినట్టు. చెక్కబల్ల మీద కూర్చుని, టీ పెట్టే అలవాటు ఈ ఇంట్లో ఉందా అని కరీం సాబ్‌ని అడిగింది.

టీ వచ్చాక అమ్మాయి చదువు అడిగింది.

"ఇంటర్. కెమిస్ట్రీలో ముప్పై ఆరు," అంది సనా, దాచకుండా.

"సాలు బేటీ. ఎమ్మెస్సీ చేసినోడు మా ఇంట్లో ఉన్నాడు. చూస్తాండాం కదా."

మచ్చల నూలుతో మూడు చీరలూ నేయించమంది. ఒకటి తనకే. ఎవరైనా అడిగితే కొత్త డిజైనని చెప్తుందట. అడిగినవాళ్లు తమకూ కావాలంటారని ఆమెకి తెలుసు.

పెద్దవాళ్లు వాకిట్లో ఆటో కోసం నిలబడ్డారు. మోయిన్ గడప దగ్గర ఆగాడు. వారం రోజులుగా బట్టీపట్టిన నాలుగు వాక్యాలున్నాయి. నోరు తెరిచాడు.

"అన్నీ ఒక్కసారే సెప్పొద్దు సార్," అంది సనా. "ముందు ఒక మాట సెప్పండి."

అతను చాలాసేపు వెతికాడు. నాలుగు వాక్యాల్లోనూ ఉన్న మాట ఒకటే.

"సనా."

ఆమె గోడ గడియారం చూసింది. బుగ్గ ఎర్రబడింది కానీ గొంతు మారలేదు.

"ఇంగ పది నిమిషాలు ఆగండి."

వాకిట్లో ఆటో హారన్ కొట్టింది. ఫాతిమా బీ లోపలికి ఒకసారి తొంగిచూసి, ఇంకో ఆటో చూద్దామని కరీం సాబ్‌తో అంది.