పరాయి గొంతు

పోలినాయుడికి నలభై రోజులపాటు పరాయి ఆడదాని గొంతు వినిపించి, అది చనిపోయిన అతని భార్యదేనన్నారు. అది ద్రోహం. అందులో రెండో మాట లేదు.

పోయినవాళ్ల గొంతు వింటే ఊరట కలుగుతుందా అని పరీక్షించే ఆ శోకశాలలోనే ఇప్పుడతను సమకారి, అన్నీ అందరికీ సమంగా అందేలా చూసేవాడు. ఉదయం ఆరు కాగానే రెండు హాళ్లూ తిరుగుతాడు. హాలుకు నలభై మంచాలు. రెండు చోట్లా ఒకే వెలుతురు, ఒకే చల్లదనం, గిన్నెకు నూట ఎనభై గ్రాముల ఉప్మా. ఎవరు ఏమడిగినా అతను అనాల్సింది ఒకటే: "విన్నది విన్నట్టు చెప్పండి." తేడా ఒక్కచోటే ఉండాలి. మొదటి హాలువాళ్ల చెవిబిళ్లల్లో పోయినవాళ్ల గొంతు పలుకుతుంది. రెండో హాలులో అంతే మందం, అంతే నిడివిగల పరాయి గొంతు. పోలిక తేలాక రెండో హాలువాళ్లకు దక్కని అసలు గొంతుల్ని చెరిపేస్తారు.

రెండో హాలులో ముప్పై ఒకటో మంచం గైరమ్మ నాలుగు రోజులుగా గిన్నె ముట్టలేదు.

"ఈడు మా ముసిలోడు కాడు బాబూ. 'గైరమ్మా, గైరమ్మా' అంటన్నాడు. యాభై ఏళ్లు కాపరం చేసినాం, ఒక్కనాడైనా నా పేరెత్తినాడా? 'ఇదిగో' అంటే నేనే గదా!"

"విన్నది విన్నట్టు చెప్పండి."

"చెప్పినాను గదా! నీకు చెవుడా?"

పోలినాయుడికి ఒళ్లు మండింది. ఇంత చదివినవాళ్లు గొంతు మందం కొలిచారు, ఊపిరి కొలిచారు. ఆ ఊళ్లలో మొగుడూ పెళ్లాం ఒకరి పేరొకరు ఎత్తరని ఒక్కడికీ తట్టలేదు. అతన్నీ ఆ పరాయి ఆడగొంతు మొదటి రోజే "పోలినాయుడూ" అంది. అతని భార్య దాలమ్మ ప్రాణం పోతున్నా ఆ పేరు పలకలేదు.

గొంతుల గదిలోకి వెళ్లి ముప్పై ఒకటో మంచానికి ఆమె మొగుడి అసలు గొంతు తగిలించాడు.

తిరిగొచ్చేసరికి చెవిబిళ్ల దాటి కేక వినబడుతోంది. "ఇదిగో, కోళ్లగూడు మూసినావా? ఎన్నిసార్లు చెప్పాల?"

"సచ్చినా అరుపులు మానవు గదా!" అని గైరమ్మ లేచి కూర్చుంది. తిడుతూనే గిన్నె దగ్గరకు లాక్కుంది.

మధ్యాహ్నానికి, రెండు హాళ్లవాళ్ల ఊరటను అంకెల్లో కొలిచి పోల్చే పోల్పుయంత్రం ఆగిపోయింది. రెండో హాలు ఊరట అంకెల్లో ఎగుడుదిగుడు హద్దు దాటింది. లెక్కలు చూసే ఉదయశ్రీ పరుగున వచ్చింది.

"ముప్పై ఒకటి ఒక్కటే పైకి లేచింది నాయుడు గారూ. పొరపాటని వేలిముద్ర వేయండి. ఆవిణ్ణి తీసేసి సాయంత్రానికి పోలిక ముగిస్తాం."

"ఆవిడ మొగుడి గొంతు?"

"చెరిపేస్తాం. మిగతావాటితోపాటే."

"పొరపాటు కాదు."

"మరి కారణం చెప్పండి! కారణం తెలియని అంకెను తీసెయ్యలేం. ఉంచితే పోలిక నిలవదు. ఎనభై మంది శ్రమ మట్టిపాలు చేస్తారా?"

"శ్రమ మీదా, వాళ్లదా?"

"అసలు మీరేం చేశారు?"

"ఇంక ఆ మాట నా దగ్గర ఎత్తకండి. ఈ రోజే కాదు, ఎప్పుడూ."

కారణం రాయాల్సిన గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది. పోలిక తేలలేదు కనుక రెండో హాలు గొంతుల్లో ఒక్కదాన్నీ ఎవరూ ముట్టలేకపోయారు. విచారణ సంఘం అతన్ని మూడుసార్లు పిలిచింది. మూడుసార్లూ వెళ్లాడు, కూర్చున్నాడు, నోరు విప్పకుండా లేచి వచ్చాడు.